‘డీ ల పైలం’: టీకా తాత్పర్య సహితం

మూలం: “సార్, ఫార్మాట్ కొట్టిన. డాటా మొత్తం డీ ల పైలం. ఇగ ఫికర్ లేదు.”

ప్రతిపదార్థం: సార్ = ఓ గుమాస్తా; ఫార్మాట్ కొట్టిన = సి డ్రైవును తుడిచి విండోస్‌ను కొత్తగా ఎక్కించితిని; డాటా మొత్తం = నా కంటికి డాటాగా తోచినదంతయు; డీ ల = డి డ్రైవునందు; పైలం = భద్రముగా నున్నది; ఇగ = ఇకమీదట; ఫికర్ లేదు = చింత లేదు (ఎవరికో చెప్పలేదు).

టీక: మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి ఆధారం లేని మాట వ్యాఖ్యలో రాయనని నియమం పెట్టుకున్నవాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆఫీసుల్లో వినవచ్చే ఈ మూలానికీ ఆ నియమమే వర్తిస్తుంది. ధర్మపురి పండితులు నవ్వితే నవ్వనీ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది గనుక సందర్భానికి కొదవ లేదు. మర్నాడు ఏ పనీ సాగక, ఈ వాక్యం అబద్ధమని గుమాస్తా అంటాడు. వ్యాఖ్యాత మతం వేరు. మూలంలో ప్రతి మాటా నిజమే, చిక్కంతా ‘మొత్తం’ దగ్గర ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో ఫైళ్లే కాక, ఆ ఫైళ్లు పనికొచ్చేలా ఎవరో ఎప్పుడో చేసిపెట్టిన ఏర్పాట్లు ఉంటాయి. అవి సి లో ఉంటాయి, కాగితం మీద ఎక్కడా ఉండవు. యంత్రానికి తెలిసి ఆఫీసుకు తెలియని ఆ సంగతులే ఫార్మాట్‌తో పోతాయి.

కోరుట్లలో ఒక డీటీపీ సెంటర్‌ను తీసుకుందాం. పెళ్లిపత్రిక ఫైలు డి లో పైలంగానే ఉంది. తెరిస్తే వధూవరుల పేర్లుండవలసిన చోట ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. ఫైలు చెడలేదు. అనూ ఫాంట్లలో కొట్టినప్పుడు ఫైలులో నిలిచేవి ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. ఆ ఫాంటు సి లోని విండోస్ ఫోల్డరులో ఉండేది. అంటే శుభలేఖ సగం డి లో, సగం సి లో ఉన్నదన్నమాట. ప్రింటర్ సంగతీ అంతే. చాలా ఆఫీసుల్లో కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 తనను నడిపే ప్రోగ్రామును తన లోపల దాచుకోదు; ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవరే దానికి అందించాలి. ప్రింటర్ తెలివి కూడా సి డ్రైవులోనే ఉండేది! జగిత్యాల మీసేవ కౌంటర్ దగ్గర వేలిముద్ర యంత్రం ఉంది, వేలూ ఉంది, ఆధార్ సరిచూడటానికి కావలసిన ఆర్‌డీ సర్వీస్ మాత్రం లేదు.

ఇవి ఆ రోజే బయటపడతాయి గనుక చిన్న కష్టాలు. తేదీ అలా కాదు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడింది 11-10-2016న. విండోస్ ఎక్కించేటప్పుడు ప్రాంతాన్ని అమెరికాగా వదిలేస్తే, ఆ తేదీని ఎక్సెల్ నవంబరు 10గా రాసుకుంటుంది, కిక్కురుమనకుండా. 14-10-2025 అని కొడితే పద్నాలుగో నెల లేదు గనుక దాన్ని తేదీగానే తీసుకోదు, వట్టి అక్షరాలుగా ఉంచేస్తుంది. ఒకే కాలమ్‌లో పన్నెండో తారీఖు దాకా ఉన్నవి తారుమారవుతాయి, తక్కినవి తేదీలే కాకుండా పోతాయి. (11-11 లాంటి వాటికి ఏ ఆపదా లేదు.) ఎవరూ తప్పు చేయలేదు, ఏదీ చెడిపోలేదు, నెలాఖరు లెక్క మాత్రం కుదరదు.

పూర్వపక్షం: అనూను వదిలి యూనికోడ్‌కు వస్తే పోదా? 1991లోనే తెలుగు యూనికోడ్‌లో చేరింది; ఎక్స్‌పీ నాటికే గౌతమి ఫాంటు విండోస్‌తో వచ్చింది. అందులో కొట్టినది ఒక ఫాంటు పోయినా మరో ఫాంటులో చదవవచ్చు. ఈ ఆక్షేపణ బలమైనది, ఒప్పుకోవలసినదే. అయితే అది అక్షరాల వరకే. తేదీకీ ప్రింటర్‌కూ యూనికోడ్ ఏమీ చేయలేదు. పైగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 యూనికోడ్ తెలుగును ఎరుగదు. దానిలో పోగైన పాత పనిని మార్చాలన్నా అది ఏ ఫాంటులో కొట్టిందో తెలియాలి. డ్రైవర్లన్నీ నెట్‌లో దొరుకుతాయిగా అనేవారికీ ఇదే జవాబు: పేరు తెలిసినవాడికి దొరుకుతాయి. డిస్కు మొత్తానికి నకలు తీస్తే? తీయవచ్చు, మంచిదే, కానీ వైరస్ వల్ల ఫార్మాట్ కొట్టిస్తే ఆ నకలు వైరస్‌ను కూడా వెంట తెస్తుంది. ఇక తప్పంతా ఎక్కించిన పిల్లవాడిదే అనే వాదం ఉంది, అన్ని ఆఫీసులకూ ఇష్టమైన వాదం. వాడిని పిలిచి చూపించింది ఆన్ కాని కంప్యూటర్‌ను. అది ఆన్ అయింది. ఏయే ఏర్పాట్లు ఉన్నాయని వాడు అడగవలసిందే, నిజం. అడిగి ఉంటే చెప్పగలిగినవారు ఆ గదిలో ఎవరున్నారు?

సిద్ధాంతం: సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) మీద భీము (పడుగు చుట్టిన దూలం) అయిపోతే పాత పోగులను పీకి పారేయరు, వాటి కొసలకే కొత్త భీము పోగులను అతుకుతారు, లేకుంటే అచ్చులోంచి ప్రతి పోగునూ మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఫార్మాట్ కొసలు మిగల్చదు. కాబట్టి ఫాంట్ల పేర్లు, ప్రింటర్ మోడల్, తేదీ వరుస, డిజిటల్ సంతకం టోకెన్ ఏ కంపెనీదో ముందే ఒక కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఫొటోను డెస్క్‌టాప్ మీద పెట్టుకునే ఆఫీసులకు ఒక హెచ్చరిక: డెస్క్‌టాప్ కూడా సి లోదే.

పాఠాంతరం: సిరిసిల్ల ప్రతిలో “టాలీ గూడ ఎక్కించిన, లైసెన్సు మీరే చూస్కోండ్రి” అని చివర ఒక పాదం అదనంగా కనిపిస్తుంది. ఛందస్సుకు పొసగనందున కొందరు దీన్ని ప్రక్షిప్తమంటారు. వ్యాఖ్యాత ఒప్పుకోడు. పని ఎక్కడ ఆగిందో చెప్పిన పాదం ఇదొక్కటే.