నోరు లేని బండి

మా నాన్న ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు పట్టి చూసేవాడు, సుడులు లెక్కపెట్టేవాడు, నాలుగడుగులు నడిపించి గిట్టలు చూసేవాడు. బేరం తువాలు కింద వేళ్ళతో సాగేది. ఆ విద్యల్లో ఒక్కటీ నాకు అబ్బలేదు. నాకు దక్కినవి మాస్టారి ఉద్యోగం, వాటాకొచ్చిన ఏడెకరాలు. అందుకే సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొనాలనుకోగానే మా మేనమామని వెంటబెట్టుకున్నాను.

మావయ్య గుడివాడలో ఓ రైసుమిల్లులో ఇరవై ఏళ్ళు డీజిలింజను నడిపాడు. ఇంజను దగ్గుని బట్టి దాని రోగం చెబుతాడని పేరు. ఆ పేరు ఆయనకి ఆయనే పెట్టుకున్నాడని మా అత్తయ్య అంటుంది.

నాకు ట్రాక్టరు కావలసింది దున్నడానికి కాదు, ట్రక్కు లాగడానికి. మా వైపు ట్రక్కంటే లారీ కాదు లెండి, ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. కోతమిషన్లు వచ్చాక ఊరి వడ్లన్నీ ఒక్క వారంలో రోడ్డెక్కుతున్నాయి. ఆ వారం ట్రక్కున్నవాడే రాజు. పైన మబ్బు పట్టిందంటే ఆ రాజుగారి గడప దగ్గర మనం చేతులు కట్టుకుని నిలబడాలి. మా అబ్బాయి పికప్ వ్యాను కొనమన్నాడు. తడిసిన పుంతలోకి దిగితే దాన్ని పైకి లాగడానికి మళ్ళీ ట్రాక్టరే కావాలని చెప్పి వాడి నోరు మూయించాను.

"లాగడం ఏ బండైనా లాగుద్దిరా, ఆపడమే కష్టం," అన్నాడు మావయ్య, బయల్దేరేముందే. బస్తా 75 కిలోలు. 60 బస్తాలు వేస్తే నాలుగున్నర టన్నులు, ఆపైన తొట్టి బరువు. లాగే ట్రాక్టరేమో రెండు టన్నులకి లోపే. తొట్టికి బ్రేకులుండవు. బ్రేకు నొక్కితే ఆగేది ట్రాక్టరు వెనక చక్రాలు రెండే, వెనక నుంచి తొట్టి నెడుతూనే ఉంటుంది. ఇంజనుతో, గేరుతో పట్టి ఆపుకోవాలి. మన కృష్ణా డెల్టాలో కొండలు లేవు గదా, భయమేంటి అన్నాను. "వంతెనలు లేవా?" అన్నాడు.

సమాధానం లేదు. కాలవకో వంతెన, వంతెనకో ఎక్కుడు, ఎక్కుడికో దిగుడు.

కార్తీకం చివర్లో నాగాయలంక అవతల ఓ ఊళ్ళో బండి ఉందని కబురొచ్చింది. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దాటి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుని దివిసీమలోకి దిగాం. దారి పొడుగునా మావయ్య నసుగుతూనే ఉన్నాడు. సముద్రం దగ్గరి బండికి ఉప్పుగాలి తగులుతుందట. తొట్టి అడుగు రేకులు గుప్పిట్లో నలిపితే అప్పడాల్లా పొడి రాలుతాయట. పైగా దమ్ము చేసిన బండైతే బురద సీళ్ళలోంచి యాక్సిల్‌లోకి దూరి ఉంటుందట.

బండి పశువులపాక కింద ఉంది. నంబరు ప్లేటు మీద కూడా బురదే. రంగు వెలిసి ఎరుపో తుప్పో తెలియడం లేదు. ఓనరు డెబ్భై దగ్గరపడ్డ రైతు. కుర్చీలు వేయించి, టీ పెట్టమని ఇంట్లోకి కేకేసి, మేమేమీ అడక్కముందే మొదలుపెట్టాడు.

"బండి ఎనిమిది దాళ్వాలు దమ్ము చేసింది బాబూ. క్లచ్చి పలకలు నిరుడే మార్పించా. హైడ్రాలిక్కు కొంచెం దిగజారుద్ది. ఇంకోటి కూడా వినండి. లోడుతో వంతెన దిగేటప్పుడు మూడో గేరు జారిపోద్ది. ఉల్లిపాలెం వంతెన మీద నాకు రెండుసార్లు జారింది. దిగేటప్పుడు గేరురాడ్డుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకోవాల. లేదా పైనే రెండులో వేసుకు దిగాల. తెలిసినోడికి భయం లేదు. తెలియనోడికి చెప్పాల గదా."

మావయ్య నా వైపు చూశాడు. 

పెద్దాయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. 77 ఉప్పెనలో వాళ్ళ నాన్న నాలుగెడ్లూ కొట్టుకుపోయాయట. ఆ తరవాత ఎక్కణ్ణుంచో తెచ్చిన జతలో ఒకటి కాడి మెడ మీద పడితే పడుకునేదట, అమ్మినవాడు ఆ ముక్క చెప్పలేదట. ఆ ఏడు పడ్డ పాట్లు ఇప్పుడు జరిగినంత వివరంగా చెప్పాడు. ధర రెండు లక్షల అరవై వేలన్నాడు.

మావయ్య అసలు పరీక్ష మొదలెట్టాడు. చల్లగా ఉన్న ఇంజను మీద చెయ్యేసి చూశాడు. ముందే వేడిచేసి ఉంచితే ఏ ముసలి ఇంజనైనా ఒక్క సెల్ఫుకే లేస్తుంది, మోసం అక్కడే. చల్లగానే ఉంది. స్టార్టయింది. పొగ మొదట తెల్లగా వచ్చి తేలిపోయింది. నీలంగా వస్తే ఆయిలు తాగుతోందని, ఆగకుండా నల్లగా వస్తే డీజిలు సరిగా కాలడం లేదని నాకు పాఠం చెప్పాడు. ఆయిలు మూత తీసి అరచెయ్యి పెట్టాడు. గాలి తన్నడం లేదు. వెనక హుక్కు రంధ్రంలో వేలు తిప్పాడు. ఎక్కువ లోడు లాగిన బండికి అది కోలగా సాగుతుంది, దీనిది గుండ్రంగానే ఉంది. అన్నీ బాగున్నాయి. అదే ఆయనకి నచ్చలేదు.

నన్ను గడ్డివామి పక్కకి తీసుకెళ్ళాడు. "తన సరుకుని తనే ఇంతలా తిట్టుకుంటున్నాడంటే, ఇంతకంటే పెద్దదేదో దాస్తున్నాడ్రా. పైపై రోగాలు చెప్పి లోపలి రోగం మింగుతున్నాడు. పద."

లోపల్నుంచి టీ వచ్చేలోపే మేం వచ్చేశాం. వీధిలో కారెక్కుతూ వెనక్కి తిరిగితే, ఒకావిడ పళ్ళెంలో గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

మూడు వారాల తరవాత గుడివాడ దగ్గర ఒక యార్డులో మా బండి దొరికింది. నిగనిగలాడే ఎరుపు. కొత్త సీటు, కొత్త బ్యాటరీ, బానెట్ మీద వేంకటేశ్వరస్వామి స్టిక్కరు, నిమ్మకాయల దండ. యార్డు ఆయన మాట్లాడిందే తక్కువ. "చూసుకోండి" అని ఓ మాట, "నచ్చితేనే" అని మరో మాట. మావయ్యకి మనిషి తెగ నచ్చాడు. "వ్యాపారస్తుడంటే అలా ఉండాలి. సరుకే మాట్లాడాలి."

పరీక్షలన్నీ మళ్ళీ చేశాడు. పొగ, ఆయిలు, హుక్కు. ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, సీ-బుక్కు జిరాక్సులోని నంబరుతో ఒక్కో అంకె పోల్చాడు. నేను చదువుతుంటే ఆయన టిక్కులు పెట్టాడు. ఫైనాన్సు తీరిందా, ట్రక్కుకి వేరే సీ-బుక్కు ఉందా అని కూడా అడిగాడు. ఉంది, అది వేరే బండి తాలూకు ట్రక్కు. తొట్టి అడుగు రేకు కొత్తది. మూడు లక్షల నలభై వేలకి తెగింది. తువాలు కింద వేళ్ళు పెట్టాలని మావయ్య సరదాపడ్డాడు గానీ, యార్డు ఆయన ఫోనులో క్యాలిక్యులేటర్ తీశాడు.

మొదటి లోడు 60 బస్తాలు. నడిపింది మా పాలేరు కొడుకు, పక్కన మడ్‌గార్డు మీద నేను. కాలవ వంతెన ఎక్కేదాకా బండి ఎద్దులా లాగింది. దిగుడులో సగానికి వచ్చేసరికి టక్కుమని చప్పుడైంది. గేరురాడ్డు న్యూట్రల్‌లోకి వచ్చి వేలాడుతోంది. నాలుగున్నర టన్నుల వడ్లు వెనకనుంచి వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు నెట్టాయి. కుర్రాడు బ్రేకు తొక్కాడు, ట్రాక్టరు వంకరపోయింది, తొట్టి పక్కకి తిరిగింది. కింద కుడిపక్క కాలవ, ఎడమపక్క కొబ్బరి మొక్కల నర్సరీ. బండి నర్సరీనే ఎంచుకుంది. ముప్ఫై మొక్కలకి డబ్బు కట్టాను. మనుషులకేం కాలేదు.

"పాత బండన్నాక అన్నిటికీ ఉండేదేరా," అన్నాడు మావయ్య. కానీ నా ముఖం వైపు చూడలేదు.

ఆ వారమే బందరులో బండి నా పేరు మీదికి మార్చే పని పెట్టుకున్నాను. ఫారం 29, ఫారం 30 అన్నీ ఉన్నాయి గానీ, ఒకచోట పాత ఓనరు సంతకం మిస్సయింది. యార్డు ఆయన బండిని తన పేరు మీదికి మార్చుకోలేదు. రైతు సంతకం చేసిన కాగితాలనే నాకు అందించాడు. కౌంటరులో కూర్చున్నాయన వేలు పెట్టి చూపించిన గడి పైన పేరు, ఊరు ఉన్నాయి. ఛాసిస్ నంబరు ఒక్కో అంకె కూడబలుక్కుని చదివిన నేను, దానికి రెండు గీతలు పైనున్న పేరుని అప్పుడు చదివాను.

నాగాయలంక మండలం.

మావయ్యని పిలవలేదు. ఒక్కణ్ణే వెళ్ళాను. పాక ఖాళీగా ఉంది, కింద నేల మీద ఆయిలు మరక ఇంకా ఆరలేదు. పెద్దాయన నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. ఈసారి టీ తాగాను. ఎంతకి కొన్నానని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని, ఒక్కో అక్షరం చెక్కినట్టు సంతకం చేశాడు.

ఉండబట్టలేక అడిగాను. "గేరు జారుతుందని ఆ యార్డాయనకి చెప్పారా బాబాయ్ గారూ?"

ఆయన పెన్నుకి క్యాపు పెట్టి నా చేతికిచ్చాడు.

"మీరు టీ కూడా తాక్కుండా పోయినరోజు మా ఆవిడ పెద్ద గొడవ చేసింది బాబూ. బండికి నోరు లేదు గదా, నీకెందుకంత నోరని. అందుకని ఆయనొచ్చినప్పుడు ఏం మాట్లాడలా. మీకు చెప్పిన దానికంటే ఇరవై వేలు ఎక్కువే ఇచ్చి తోలుకుపోయాడు."