వెర్షనన్న

కౌతాళం చుట్టుపక్కల ఏ వీధిలో "ఈరన్నా" అని కేకేసినా నలుగురు వెనక్కి తిరుగుతారు. ఉరుకుంద ఈరన్నస్వామి మహిమ. "వెర్షనన్నా" అంటే మాత్రం తిరిగేది ఒక్కడే.

ఇంట్లో కూర్చుని కంపెనీ పని చేసే ఈయన సొంత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 20.04 ఉంది. దాంతో వచ్చింది పైథాన్ 3.8. డెడ్‌స్నేక్స్ నుంచి 3.10, 3.12 దించాడు. పైఎన్వ్ కింద 3.9, కొండాలో ఇంకోటి. 2020 జనవరి 1న కాలం చెల్లిన 2.7నైనా సాగనంపాడా? "పాత ప్రాజెక్టు యాడన్నా తగిల్తే?" అంటాడు. ఇంతవరకూ తగల్లేదు.

ఆదోనిలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు వస్తారు.

"పిప్ కొడితే ఎక్కిందంటుందన్నా, ఇంపోర్ట్ చేస్తే లేదంటుంది."

"ఎక్కింది సరే, యా పైథాన్‌లో ఎక్కిందప్పా?"

అక్కడ మొదలవుతుంది. ఒట్టి పిప్ కొట్టకూడదు, ఏ పైథాన్‌కు కావాలో దాని పేరు పెట్టి, పక్కన '-ఎమ్ పిప్' అనాలి. ప్రాజెక్టుకొక వీఎన్వ్ కట్టుకోవాలి. సుడో పిప్ జోలికి పోరాదు. బంగారంలాంటి మాటలు. పిల్లలు గడప దాటగానే సుడో పిప్ కొడతాడు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో 24.04. అందులో సిస్టమ్ పైథాన్ ఏపీటీ సొత్తు, దాని మీద ఆధారపడ్డ పనిముట్లు బోలెడు, అందుకే పిప్‌ను బయటే నిలబెడుతుంది. కాదూ కూడదంటే 'బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్' అని రాసివ్వాలి. ఆ పేరు చూసైనా జనం జంకుతారని పెట్టినట్టుంది. వెర్షనన్న రోజూ అంత పొడుగు కొట్టలేక దానికి రెండక్షరాల ఎలియాస్ పెట్టుకున్నాడు.

ఒకసారి, ఏం బుద్ధి పుట్టిందో, 20.04లో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో 'పైథాన్3' అనే పేరును 3.12 వైపు తిప్పాడు. టెర్మినల్ తెరుచుకోవడం మానేసింది. ఆ ఉబుంటులో దాన్ని తెరిచేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు; దానికి కావలసిన లైబ్రరీ 3.8 కోసం కట్టింది. బాగుచేద్దామంటే ఆ టెర్మినలే లేదు. చివరికి కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి, నల్ల తెర ముందు కూర్చుని దాన్ని నిలబెట్టాడు. ఆ కథ టీ బంకులో ఇప్పటికీ చెబుతాడు. చెడగొట్టిందెవరన్న ఘట్టం మాత్రం కథలో రాదు.

ఇప్పుడు యూవీ పట్టుకున్నాడు. 2024లో వచ్చిన ఆ పనిముట్టు పైథాన్లను తనే దించుకుంటుంది, వీఎన్వ్‌లు తనే కడుతుంది. "ఇదొక్కటుంటే సాలప్పా, మిగతావన్నీ దండగ" అని ఊరంతా చాటుతూ, 3.8లో పిప్‌తో ఒకసారి, పిప్ఎక్స్‌తో ఒకసారి, ఎందుకైనా మంచిదని కొండాలో ఇంకోసారి ఎక్కించాడు.

"మరి పాతవన్నీ తీసేస్తివా అన్నా?"

"ఉండనీలేప్పా, అవేమన్నా కూడడుగుతాయా?"