శ్రీరామనవమి కర్తలు, ప్రైవసీ భర్తలు

మొన్నటి ప్రకటన మీరూ చూసే ఉంటారు. పేరు రాయను, రాస్తే ఆయనకు ఇంకో నలుగురు ఫాలోవర్లు పెరుగుతారు. తెల్లటి నేపథ్యం మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలు, కింద దండం బొమ్మ. ఈ కష్టకాలంలో మా ప్రైవసీని గౌరవించమని మనవి అట. కష్టం ఎవరివల్ల వచ్చిందో, ఎవరి నెత్తిన పడిందో అందులో ఉండదు. అకాల వర్షంలా పాపం దానంతటదే కురిసింది.

ఇప్పుడిదొక ఫ్యాషన్. సినిమావాళ్లు మొదలుపెట్టారు, క్రికెటర్లు అందుకున్నారు, చివరికి మా పటాన్‌చెరు దాకా వచ్చేసింది. ఇస్నాపూర్ అవతల రెండు వెంచర్లు వేసిన మనిషి కూడా, ఇంటిగొడవ కాలనీ వాట్సాప్ గ్రూపులోకి రాగానే "పర్సనల్ మ్యాటర్, ఎవరూ డిస్కస్ చేయొద్దు" అని అడ్మిన్ చేత పెట్టిస్తున్నాడు.

సరే, గౌరవిద్దాం. కానీ సారూ, మీ సంసారం చూపించమని మేం అడిగామా? పెళ్లిరోజు వస్తే ముత్తంగి నుంచి రుద్రారం దాకా హైవే పొడుగునా దంపతుల ఫ్లెక్సీలు కట్టించింది ఎవరు? బతుకమ్మకు మేడమ్ ఫొటో, దసరాకు సార్ ఫొటో, సంక్రాంతికి పిల్లాపాపలతో గ్రూపు ఫొటో వేయించింది ఎవరు? పండగపూట టీవీలో "మీ అన్యోన్య దాంపత్యానికి రహస్యం ఏంటి సార్" అని యాంకరమ్మ అడిగితే భార్య వంక చూసి ముసిముసిగా నవ్వింది ఎవరు? ఇన్నేళ్లూ మా కళ్లలో పొడిచి పొడిచి చూపించి, తలుపు ఊడిపడ్డ రోజున "మీరెందుకు తొంగిచూస్తున్నారు" అంటే ఎట్లా?

ఇదంతా ఒక ఎత్తు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది శ్రీరామనవమి నాడు.

మా వైపు ప్రతి కాలనీలోనూ సీతారామ కల్యాణం ఘనంగా చేస్తారు. పీటల మీద కర్తలుగా ఎవరు కూర్చోవాలో కమిటీ తేలుస్తుంది. కమిటీ తేల్చేదేముంది, చందా తేలుస్తుంది. రియల్ ఎస్టేటు, లేబర్ కాంట్రాక్టు, రాజకీయం, ఈ మూడింట్లో ఏదో ఒకటి చేసేవాళ్లే అంత చందా ఇవ్వగలరు. చాలాసార్లు ఆ మూడూ ఒక్కరే చేస్తుంటారు. పీటల మీద ఒంటరిగా కూర్చోవడానికి శాస్త్రం ఒప్పుకోదు, ధర్మపత్నీ సమేతంగానే కూర్చోవాలి. అందుకని నవమి నాడు తెల్లారేసరికి సారు పెద్దింటికి చేరుకుంటారు. పట్టుపంచె అక్కడే ఉంటుంది. కొంగుముడి వేస్తారు. సంకల్పంలో గోత్రం, సారు పేరు, పక్కనే ఆమె పేరు. ఎదురుగా వేదిక మీద, ఏకపత్నీవ్రతుడు.

రాముడి మీద నాకున్న పేచీలు నాకున్నాయి. నిండుగర్భిణిని అడవిలో వదిలించినవాణ్ణి ఇక్కడ వెనకేసుకు రాను. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. ఉత్తరకాండలో అశ్వమేధం చేయాల్సి వచ్చేసరికి పక్కన భార్య లేదు. దశరథుడి కొడుక్కి ఇంకో పెళ్లి ఎంతసేపు? ఇంట్లో ఆనవాయితీ కూడా ఉన్నదే. అయినా ఆయన బంగారంతో సీత బొమ్మ చేయించి పక్కన పెట్టుకున్నాడు. మన కర్తలూ బంగారం చేయిస్తారు. అది ఏ విల్లాకు చేరుతుందో డ్రైవరుకు తెలుసు.

ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటి పోనని వరుడు చెప్పే ఘట్టం ఒకటి ఉంది కదా. పురోహితుడు దాన్ని మైకులో తెలుగులో కూడా విడమర్చి చెబుతాడు. సరిగ్గా అప్పుడే సారుకు ఫోన్ వస్తుంది. ఏటా వస్తుంది.

అందరికీ తెలుసు. అయ్యగారికి తెలుసు, కమిటీకి తెలుసు, షామియానా వేసిన కుర్రాడికి తెలుసు, పానకం గ్లాసులు అందించే పిల్లకు కూడా తెలుసు. మేడమ్‌కు అందరికంటే ముందే తెలుసు. ఆమె ఆ ఎండలో కొంగుముడి కదలకుండా కల్యాణం అయ్యేదాకా కూర్చుంటుంది. "ఎంత ఓపికో తల్లి" అని వెనక వరసలో మెచ్చుకుంటారు. మెచ్చుకునే నోళ్లలో ఒక్కటి కూడా ముందు వరసకు వెళ్లి, "సారూ, ఈ ఏడు పీటల మీద ఇంకెవరినైనా కూర్చోనివ్వండి" అనదు. అంటే వచ్చే ఏడు అన్నదానం ఆగిపోతుంది, మైకుసెట్టు ఆగిపోతుంది, గాలిగోపురం పని సగంలో నిలిచిపోతుంది.

గుడి గోడకు దాతల శిలాఫలకం ఉంటుంది, శ్రీమతి, శ్రీ అని ఇద్దరి పేర్లతో. ఇంకో కాలనీ గుడిలో ఇంకో ఫలకం ఉందని చెప్పుకుంటారు. దాని మీద శ్రీమతి మాత్రమే ఉంటుంది, శ్రీ ఉండడు. దేవుడికి రెండు చోట్లా రసీదు ముట్టింది.

చట్టం సంగతి అంటారా, ఈ పెద్దల గొడవ కోర్టుల్లో ఎప్పుడో సర్దుకుంది. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2018 సెప్టెంబరు 27న అయిదుగురు కూర్చుని ఐపీసీ 497ను కొట్టేశారు. మంచిపనే. భార్య మీద భర్తకు పట్టా రాసిచ్చిన సెక్షన్ అది. పరాయి మగవాడి మీద భర్త కేసు పెట్టొచ్చు, భర్త మీద భార్య పెట్టడానికి వీల్లేదు, భర్త సరేనంటే అసలు నేరమే లేదు. ఆడకూ మగకూ సమంగా వర్తించేలా దాన్ని మళ్లీ తెమ్మని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం సిఫార్సు చేసింది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో మాత్రం అది చేరలేదు. విడాకులకు కారణంగా మిగిలింది, అంతవరకు చాలు. ఎవరి మంచం కిందా పోలీసు లాఠీ పెట్టి వెతకనక్కర్లేదు.

నా పేచీ అది కాదు. తొమ్మిది మంది ఇచ్చిన ఆ హక్కు రేకుల గదుల దాకా ఎందుకు రాలేదని.

ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి పాశమైలారంలో షిఫ్టు చేసే జంట గది అద్దెకు అడిగితే, ఓనరు ముందు ఇద్దరి ఆధార్ కార్డులూ చూస్తాడు, తర్వాత పెళ్లి ఫొటో అడుగుతాడు. నైట్ డ్యూటీ దిగి వచ్చే ఆడమనిషిని కంపెనీ బస్సు దింపిందా, ఎవరైనా బండి మీద దింపారా అని ఎదురింటివాళ్లు లెక్క పెడతారు. మొగుడు అనుమానంతో చావగొడితే పంచాయితీలో పెద్దమనుషుల మొదటి మాట, "నీ ఫోన్ ఇటియ్యి". కొట్టినవాడి ఫోన్ కాదు, దెబ్బలు తిన్నదాని ఫోన్. అది పదిమంది చేతులు మారుతుంది. ఆ పెద్దమనుషుల్లో మన నవమి కర్త కూడా ఉంటాడు, నడిమి కుర్చీలో.

రేపు ఆమె చచ్చిపోతే జిల్లా పేజీలో శీర్షిక ముందే తయారుగా ఉంటుంది. 'వివాహేతర సంబంధమే కారణమా?' ఊరు, వీధి, మొగుడి పేరు, చేసే పని, ఆధార్ కార్డులోంచి తీసిన ఫొటో. అదే పేజీ కింద సార్ దంపతులకు పెళ్లిరోజు శుభాకాంక్షల ప్రకటన, రంగుల్లో. పోయిన మనిషికి ఆ ప్రశ్నార్థకాన్ని చెరిపేసుకునే దారి లేదు. ఆమె పిల్లలు అదే బడికి, అదే వీధిలోంచి నడిచి వెళ్లాలి. ఇక్కడికొచ్చేసరికి నాకు వెటకారం రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

ఇంకా మండాలంటే మన రాజ్‌భవన్ చరిత్ర ఒక్కసారి తిరగేయండి. 2009 డిసెంబరు, తెలంగాణ అట్టుడుకుతున్న రోజులు. రాజ్‌భవన్‌లో గవర్నర్ ఆడవాళ్లతో ఉన్నారంటూ ఏబీఎన్ ఆంధ్రజ్యోతిలో దృశ్యాలు వచ్చిన మరునాడే, 26న, గవర్నర్ నారాయణ్ దత్ తివారీ రాజీనామా చేశారు. అవి కల్పితమన్నారు, రాజీనామాకు కారణం ఆరోగ్యమన్నారు. ఆ సంగతి అట్లా ఉంచండి. అప్పటికే రోహిత్ శేఖర్ అనే యువకుడు, ఈయన నా తండ్రి అని ఢిల్లీ హైకోర్టుకెక్కి ఉన్నాడు, 2008లో. మూడుసార్లు ఉత్తరప్రదేశ్‌కూ ఒకసారి ఉత్తరాఖండ్‌కూ ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, డీఎన్‌ఏ పరీక్షకు నాలుగు చుక్కల నెత్తురు ఇవ్వనన్నారు. తన గోప్యతకు భంగమట. సుప్రీంకోర్టు దాకా పోయి, అక్కడా చెల్లక, 2012 మే నెలలో ఇచ్చారు. ఇచ్చాక ఫలితాన్నయినా బయటపెట్టొద్దన్నారు. జులైలో తేలింది, తండ్రి ఆయనే. 2014లో ఒప్పుకుని, 88 ఏళ్ల వయసులో ఆ కొడుకు తల్లిని పెళ్లాడారు.

ఇప్పుడు పాశమైలారం రండి. 2025 జూన్ 30న సిగాచీ ఫ్యాక్టరీ పేలింది. యాభై మందికి పైగా పోయారు. మొహం చూసి పోల్చుకునే స్థితి లేదు. పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రిలో తల్లులూ అన్నదమ్ములూ డీఎన్‌ఏ కోసం నెత్తురు ఇచ్చారు. ఒక్కరు కూడా గోప్యత అనలేదు, వకీలును పెట్టుకోలేదు, నాలుగేళ్లు వాయిదాలు అడగలేదు. ఫలానా ఎముక మనవాడిదే అని తేలితే చాలు, పట్టుకెళ్లి కాల్చుకుంటామని ఇచ్చారు. ఎనిమిది మంది ఆనవాళ్లయినా దొరకలేదు. గేటు బయట గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్ల మొహాల మీదికి టీవీ మైకులు తోశారు. వాళ్ల కష్టకాలాన్ని గౌరవించమని ఎవడూ తెల్లకాగితం విడుదల చేయలేదు.

రెండు వారాలు దాటాయో లేదో, అమెరికాలో కోల్డ్‌ప్లే కచేరీలో కెమెరా మీద పడగానే మొహాలు తిప్పుకున్న ఇద్దరు మన ఫోన్ల నిండా నిండిపోయారు. పాశమైలారం ఆ ఫోన్లలోంచి జారిపోయింది. ఆ ఇద్దరిలో మగవాడు ఒక కంపెనీ అధిపతి, మూడు రోజుల్లో రాజీనామా చేశాడు, దాని మీదా మనవాళ్లు జోకులేసుకున్నారు. మన దగ్గరైతే రాజీనామా దాకా ఎందుకు, సన్మానం చేసి శాలువా కప్పేవాళ్లం.

ఆడవాళ్లయితే బురద చల్లడానికి పదవి కూడా అడ్డుపడదు. 2024లో ఉమ్మడి మెదక్ జిల్లాకు ఇన్‌ఛార్జి మంత్రిగా ఉన్న కొండా సురేఖ మెడలో మా ఎంపీ రఘునందన్‌రావు ఒక సభలో నూలు దండ వేశారు. చేనేత దండ, మర్యాద కోసం వేసింది. ఆ ఒక్క ఫొటోతో సోషల్ మీడియాలో ఎంత బురద పోయాలో అంతా పోశారు. ఆమె నాకు అక్కలాంటిదని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ మంటలో ఆమె చేసిందేమిటి? అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, బీఆర్ఎస్ నేత కేటీఆర్‌ను కొట్టడానికి నటి సమంత విడాకులను రాయిగా విసిరారు. నా విడాకులు ఇద్దరి ఇష్టంతో జరిగాయి, అది నా వ్యక్తిగతం అని సమంత అన్నది. ఆ మాట అనే హక్కు నూటికి నూరుపాళ్లూ ఆమెది. ఎవరి గొడవలోకీ వెళ్లకుండా తన పని తాను చేసుకుంటున్న మనిషి కదా. మంత్రి మాట వెనక్కి తీసుకున్నారు, సమంత మాజీ మామ నాగార్జున పరువునష్టం కేసు వేశారు, 2025 నవంబరులో ఇంకోసారి విచారం చెప్పాక కేసు వెనక్కి పోయింది. మగవాళ్ల మధ్య రాజకీయం యథావిధిగా నడుస్తోంది.

కలెక్టరేట్‌లో ఫైళ్లు మోసే అటెండరు రెండో పెళ్లి చేసుకుంటే కండక్ట్ రూల్స్ కింద ఉద్యోగం మీదికొస్తుంది. సైన్యంలో అధికారి దారితప్పితే చర్య తీసుకోవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది. నాయకుడికి మాత్రం టికెట్టు వస్తుంది. అఫిడవిట్‌లో భార్య ఆస్తులకు ఒక గడి ఉంది, రెండో ఇంటికి గడి లేదు కాబట్టి ఆ ఇల్లే లేదు.

ఇవన్నీ మింగుదామనుకున్నా కల్యాణలక్ష్మి సభ దగ్గర గొంతుకు అడ్డంపడుతుంది. లక్షా నూట పదహారు రూపాయల చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున వస్తుంది. ఆ తల్లి కూలి మానుకుని, పొద్దున్నించి లైన్లో నిలబడి స్టేజీ ఎక్కితే, సారు చెక్కును ఒక చివర పట్టుకుని వదలరు, ఫొటో పడాలి కదా. ఫొటో పడ్డాక మైకు అందుకుంటారు. "ఆడపిల్లకు ఓపిక ఉండాలె. చిన్నచిన్న విషయాలకు పుట్టింటికి రావొద్దు. సంసారం నిలబెట్టుకునేది ఆడదే." చప్పట్లు. పక్కన మేడమ్ కూడా కొడతారు, కొట్టాలి.

ఆ లక్ష సార్ జేబులోది కాదు, సర్కారుది. నేరుగా ఆ తల్లి ఖాతాలో వేయండి, సభ రద్దు చేయండి. సారుకు మిగిలే ఆ పూట ఏ ఇంట్లో గడుపుతారో మాకక్కర్లేదు.