వైరు కీబోర్డు ఒక్కటి ఉంటే

చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ గూడేల్లో పెద్దలు చెప్పగా రాసుకున్న కథలు నా తెలివితక్కువతనం వల్లే పోయాయి. ఇన్నాళ్లూ ఎవరడిగినా ‘కంప్యూటర్ పాడైంది’ అంటూ వచ్చాను. అది పాడవలేదు.

ల్యాప్‌టాప్ మీద టీ ఒలికి దాని కీబోర్డు పనిచేయడం మానేసింది. మార్పిస్తే ఖర్చెక్కువని ఖమ్మంలో బ్లూటూత్ కీబోర్డు, మౌసు కొని ఖానాపురం హవేలిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచి, కీబోర్డు మీది బటన్ నొక్కి పట్టుకున్నాను. తెర మీద వచ్చిన అంకెలు దాని మీదే కొట్టి ఎంటర్ నొక్కగానే జత కుదిరింది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొట్టేవాణ్ని కాబట్టి ఆ పెద్ద మీటలు చేతికి బాగా అలవాటయ్యాయి. మధ్యమధ్య రెండూ తెగిపోతుంటే డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్‌కు కరెంటు ఆదా చేసే టిక్కు తీసేశాను. ఆ ఇబ్బందీ తీరింది. ఇక నాకు తెలియంది లేదనుకున్నాను.

బయోస్ అప్‌డేట్ అయ్యాక ఒక పొద్దున నీలి తెర వచ్చి, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ తాలూకు 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆ కీ నా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంది. ఫోన్‌లో తెరిచి ఎదురుగా పెట్టుకున్నాను. కీబోర్డు మీద ఎంత కొట్టినా ఒక్క అంకె పడలేదు. బ్యాటరీలు మార్చాను. ఇంకో బ్లూటూత్ కీబోర్డు కూడా కొన్నాను. విండోస్ తెరుచుకోనిదే కొత్తదాన్ని జత చేయడం ఎలా అన్న ఆలోచనే రాలేదు.

బ్లూటూత్ కీబోర్డును మామూలుగా ల్యాప్‌టాప్ గుర్తుపట్టేది విండోస్ లేచి, డ్రైవర్ పనిలోకి దిగాకే. నీలి తెర అంతకు ముందే వస్తుంది. పైగా జత చేసినప్పటి రహస్య సంకేతం విండోస్ లోపల, అంటే తాళం పడిన ఆ డిస్కులోనే ఉంటుంది. యూఎస్‌బీ వైరు కీబోర్డుకు ఈ చిక్కు లేదు, బయోస్ దశలోనే పలుకుతుంది. చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే వైర్‌లెస్ కీబోర్డు కూడా చాలావరకు అంతే, ఎందుకంటే కంప్యూటర్‌కు అది యూఎస్‌బీ కీబోర్డుగానే కనిపిస్తుంది. బ్లూటూత్, ఈ రిసీవర్ రకం రెండూ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీదే నడుస్తాయి, షాపులో రెండింటినీ వైర్‌లెస్ అనే అమ్ముతారు. నేను తేడా అడగలేదు.

రిపేరు షాపులో కుర్రాడు ‘కీ ఉందా సార్? లోపల డేటా ఉందా?’ అని అడిగాడు. ఎన్నిసార్లు కొట్టినా తీసుకోలేదని, ఆ కీ తప్పని నేనే తేల్చేసి ఫార్మాట్ కొట్టెయ్యమన్నాను. అతను తన వైరు కీబోర్డు తగిలించే విండోస్ మళ్లీ ఎక్కించాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ 48 అంకెలు అప్పుడు దాని మీద కొట్టి ఉంటే తెరుచుకునేది.

కథలన్నీ ల్యాప్‌టాప్‌లో టైపు అయిపోయాయి కదా అని చేతిరాత పుస్తకాలు మూల పడేస్తే చెదలు తిన్నాయి. ఇంకోచోట కాపీ పెట్టుకోలేదు. ఆ కథలు చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి, ఏం జరిగిందో చెప్పి అడగాలి.

బ్లూటూత్ కీబోర్డు వాడేవాళ్లు వాడండి, సౌకర్యమే. కానీ లోపలి కీబోర్డు పోయిన ల్యాప్‌టాప్‌ను కేవలం దాన్నే నమ్ముకుని నడపకండి. ఇంట్లో ఒక వైరు కీబోర్డు ఉంచండి, రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫార్మాట్ అనే ముందు ఆ రెంటినీ ఒక్కసారి కలిపి చూడండి.