ఆషాఢంలో ఇల్లు కొనండి

ఇల్లు కొనాలంటే శ్రావణం రానివ్వమంటారు పెద్దవాళ్లు. దసరా ఆఫర్లు రానివ్వమంటారు స్నేహితులు. ఆ రెండు మాటలూ పక్కన పెట్టండి. ఇల్లు వెతకాల్సింది ఆషాఢంలో, భాద్రపదంలో, వానాకాలంలో అధికమాసం వస్తే అందులో. వానలు దంచుతుంటాయి, కొనేవాళ్లు కనబడరు. ఇంటి గుట్టు బయటపడేది అప్పుడే.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ మునిగింది అధిక ఆశ్వయుజంలోనే. శుభకార్యాలు లేని నెల కదా అని ఊరుకోకుండా ఆ వారం ఇళ్లు చూడబోయినవాడికి, టోలిచౌకి నదీమ్ కాలనీలో నీళ్లు ఎంతెత్తున నిలిచాయో కళ్లారా కనబడేది. మంచిరోజులు వచ్చేసరికి గోడలకు కొత్త రంగులు పడిపోతాయి.

అందుకని జోరువానలోనే గొడుగేసుకుని వెళ్లండి. "తెరిపిచ్చాక వెళ్దాం సార్" అని ఏజెంటు అంటే ఒప్పుకోవద్దు. ముందు సెల్లారు: ర్యాంపు మీంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూడండి. తర్వాత బాత్రూముకు ఆనుకున్న పడకగది గోడ. అడుగున పెయింటు పొక్కులు లేచి, గోటితో గీరితే తెల్లటి ఉప్పులాంటి పొడి రాలిందంటే చెమ్మ లోపలే ఉంది. ఇల్లంతా పాత రంగుండి ఒక్క గోడకే కొత్త రంగు వాసన వస్తుంటే అక్కడ ఇంకాసేపు నిలబడండి. కిందికొచ్చి ఎదురు కిరాణా కొట్లో ఏదో ఒకటి కొని, "మొన్నటి వానకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అని అడగండి. బ్రోచరు కంటే ఆ కొట్టాయన మాటే నాకు గురి.

దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, దాని మ్యాపు చూడందే పైసా ఇవ్వొద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల 10 హెక్టార్లు, అంటే పాతిక ఎకరాలు దాటిన చెరువుకు ఆ హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్, అక్కడా ఇల్లు కట్టకూడదు.

ఇక బేరం. అప్పుకు వడ్డీ కడుతున్న బిల్డరుకు ఖాళీగా పోయే నెల చాలా బరువు. ఆషాఢంలో ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తుతాడు. పండగకిచ్చే బంగారు నాణెం ఎలాగూ ధరలో కలిపేదే, ఇప్పుడు చదరపు అడుగు రేటే తగ్గించమనండి. రెరా కింద ఉన్న ప్రాజెక్టయితే, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదన్న సంగతీ గుర్తుచేయండి.

బోరు సంగతి మాత్రం మే నెలలో, ట్యాంకర్లు తిరిగేటప్పుడు కనుక్కోండి.

ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారా? రిజిస్ట్రేషన్ ఆషాఢంలోనే కానిచ్చేయండి, ఆగితే అమ్మేవాడి మనసు మారుతుంది. పాలు పొంగించడం శ్రావణంలో పెట్టుకోండి.