ఫిఫ్టీ అన్నరా, ఫిఫ్టీన్ అన్నరా?

కాజీపల్లిలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్నన్నాళ్లూ నాకో జబ్బుండేది. ఎదుటివాడు ఇంగ్లీషు మాట పలికితే చాలు, ఏం చెబుతున్నాడన్నది వదిలేసి ఎలా పలికాడన్నది పట్టుకునేవాణ్ని. హెల్పర్లు "మెథిల్" అంటే "మీథైల్ అనాలయ్యా" అని అందరి ముందూ దిద్దేవాణ్ని. తర్వాత ఆడిట్‌కు అమెరికా నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన నోటా మెథిలే! బ్రిటిష్ వాళ్లది మీథైల్, అమెరికన్లది మెథిల్. సిగ్గుపడాలి గదా, పడలేదు. తెల్లారేసరికి నేనూ మెథిల్‌లోకి మారిపోయి, మీథైల్ అనేవాళ్లను దిద్దడం మొదలుపెట్టాను. వాళ్లలో చాలామంది నా దగ్గర నేర్చుకున్నవాళ్లే.

పొరుగున పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. ఏ దేశపు శాస్త్రవేత్త ఆ దేశపు యాసలో ఇంగ్లీషు మాట్లాడుతూ జొన్నల మీద, కందుల మీద పని చేసుకుంటున్నారు. అది చూస్తూ కూడా సరైన ఇంగ్లీషు ఒక్కటే ఉందని, అది నా దగ్గరే ఉందని నమ్మాను.

తెలియనిచోట కథలల్లేవాణ్ని. గేటు దగ్గర సరుకు రాసుకునే కుర్రాడు, "రిసీట్‌లో పీ పలకం గదా సార్, మరెందుకు రాయాలె?" అని అడిగాడు. "పూర్వం పలికేవాళ్లు, నోరు తిరగక మానేశారు" అన్నాను. నిజానికి లాటిన్ మూలాన్ని గుర్తుచేయాలని చదువుకున్నవాళ్లు తెచ్చి ఇరికించిన అక్షరమది. అదే మూలం నుంచి వచ్చిన డిసీట్‌లో పీ నిలవలేదు. డెట్‌లో బీ కూడా అలా ఇరికించిందే. ఆ కుర్రాడు నా కథను ఇంకెంతమందికి చెప్పాడో!

వీటితో ఎవరికీ నష్టం లేదు. నష్టం రియాక్టర్ దగ్గర జరిగింది.

కింద మోటార్ల హోరు. పైనుంచి నేను "ఫిఫ్టీన్ డిగ్రీస్" అని అరిస్తే ఆపరేటర్, "యాభైయా సార్, పదిహేనా?" అని తిరిగి అడిగేవాడు. నాకు చిరాకు. "ఇంగ్లీషులో అడుగు" అనేవాణ్ని. ఫిఫ్టీన్‌ను విడిగా అంటే చివర ఒత్తు పడుతుంది, ఫిఫ్టీకి మొదట. ఇది నాకు తెలుసు, గర్వంగా చెప్పేవాణ్ని కూడా. కానీ వెనక డిగ్రీసో, కిలోసో తగిలితే ఫిఫ్టీన్‌లోనూ ఒత్తు ముందుకు జరుగుతుంది. ఇక రెంటికీ తేడా చెప్పడానికి మిగిలేది ముఖ్యంగా చివరి నకారపొల్లు. హోరులో అది వినపడదు. విమానాల రేడియోలో వన్ ఫైవ్, ఫైవ్ జీరో అని అంకెలు విడదీసి చెప్పేది అందుకే. మన పదిహేనుకూ యాభైకీ ఒక్క శబ్దం కూడా కలవదు. అతను అడిగిందే సరైన పద్ధతి.

ఆ రోజు అతను "ఫిఫ్టీనా, ఫిఫ్టీనా?" అన్నట్టు నాకు వినిపించింది. అందులో ఒకటి ఫిఫ్టీ కాబోలు. "యెస్" అన్నాను. చల్లార్చాల్సిన సరుకుకు ఆవిరి వదిలాడు. థర్మామీటర్ చూసి ఎవరో అరిచి ఆపారు గాని, బ్యాచ్ అప్పటికే రంగు తిరిగింది.

రిపోర్టు నేనే రాశాను. 'సూచనను ఆపరేటర్ సరిగా వినలేదు' అని చక్కటి ఇంగ్లీషులో. ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు. ఆ నెల అతని ఇన్సెంటివ్ కోసేశారు. నేను నోరు విప్పలేదు.

అతను మాత్రం అడగడం మానలేదు. మరుసటి షిఫ్ట్‌లోనూ మోటార్ల మోతను మించి, "పదిహేనే గదా సార్?" అని కింది నుంచి అరిచాడు.

"యెస్, ఫిఫ్టీన్" అన్నాను.