సాంచ గదే, చేతిల ఫోనే కొత్తది

ఫోను గా గూట్లె పెట్టి జర ఇటు కూసో, పిలగా. తాత ముచ్చట సోది అంటవని ఎరుకే, అయినా చెప్త.

సిరిసిల్లల మా నాయిన గుంట మగ్గం మీద దినమంత నేస్తే కొన్ని గజాల బట్ట పడేది. కరెంటు సాంచలు వచ్చినంక మా జమానల ఒక్కొక్కడు నాలుగేసి సాంచల నడుమ ఉరుక్కుంట, తెగిన పోగు అతుక్కుంట, నాడెల కండె మార్చుకుంట నేసిండు. గదీ పెరుగుడంటే! చప్పుడుకు మా ఈడోళ్ల చెవులు పోయినమాట నిజమే, అయినా గా దినాలే మంచియి.

అటెన్క ఏమొచ్చింది? ఫోనుల పైస గడియల పోతది అంటవు. పైస ఉరికితే బట్ట ఉరుకుతదా? సూరత్‌ల, భీవండిల నాడె లేని మిషన్లు దిగినయ్, మన దిక్కు ఎక్కువ పాత సాంచలే. సేటు ఇచ్చిన బీము మీద కూలికి నేసే ఆసామికి మిషను మార్చే పైస ఏడిది? 2017ల సర్కారు బతుకమ్మ చీరెల ఆర్డరు ఇచ్చింది, కడుపు నిండింది, కాదన. కని మళ్లేడు వస్తదో రాదో తెల్వని ఆర్డరును నమ్మి అప్పెవడు తెస్తడు? 2024ల గా చీరెలు ఆగినయ్, ఎన్నో సాంచలు బందైనయ్.

కోరుట్ల, జగిత్యాలల ఆడోళ్లను చూడు. ఒడిల చాట, తునికాకు, తంబాకు, దారం. అమ్మ చుట్టినట్లే బిడ్డ చుడుతది, కూలి వెయ్యి బీడీల లెక్కన. వేళ్లు ఇంకెంత ఉరుకుతయి? పిలగాండ్లేమో దుబాయి పోయిన్రు. ఈడ దొరకని కూలి గాడ దొరుకుతదంటే చేతులు మారినయా? చేతి కింది మిషను మారింది.

పని ఫలం పెరుగుడు తగ్గిన గోస అమెరికోళ్లదీ. 1947 నుంచి 1973 దాక మనిషి గంట పనికి వచ్చే ఫలం ఏటా రెండున్నర శాతం పైననే పెరిగింది, అటెన్క గా పెరుగుడు సగం దాక పడ్డది. రాబర్ట్ సోలో అనే పెద్దమనిషి 1987లనే అన్నడు, కంప్యూటర్లు అంతట కనవడ్తున్నయ్ గని ఉత్పాదకత లెక్కల కనవడ్తలేవని. 1995 తర్వాత పదేండ్లు జర లేచి మళ్ల పడ్డది. కరెంటు ఇంటికొచ్చుడసొంటి పెద్ద మార్పు ఒక్కపారే అయితది గదరా, రెండోపారి యాడికెళ్లి వస్తది? పైంగ కంపెనీలు కొత్త మిషన్ల మీద పైస పెట్టుడు తగ్గిచ్చినయ్.

ఆసామికి నాలుగేండ్ల ఆర్డరు ముందే రాసియ్యమను, తక్కువ మిత్తికి లోను ఇయ్యమను, గా నాడె లేని మిషన్లు మన గల్లీల దించమను. గవి నడిపేతందుకు దుబాయి పోయిన పిలగాండ్లే ఉరికొస్తరు.